పదహారు కార్డులకీ ఒకే అంచు

నమస్కారం మేడమ్. మీరు అడిగింది ముందు నాలుగు మాటల్లో చెప్పేస్తా, తరవాత చదివేవాళ్ళకీ పనికొస్తుంది. మీరు తిరుపతిలో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరు. చంద్రగిరి కోట, తలకోన, శ్రీకాళహస్తి గోపురం, నగరి ముక్కు, కల్యాణి డ్యామ్, మామిడి తోటలు, ఇలా మన చుట్టుపక్కల చోట్లని ఎనిమిదో తరగతి పిల్లల చేత 16 కార్డుల మీద వేయించారు. ఒక్కో కార్డు 8 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు. ఏ కార్డు పక్కన ఏది పెట్టినా ఒకే పొడవాటి దృశ్యంలా కలిసిపోవాలి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, ఫొటోషాప్‌ని తనంతట తనే కలపమంటే కలపలేదు. చేత్తో పేరిస్తే అతుకులు తెలిసిపోతున్నాయి. మొత్తం బొమ్మ పీఎస్‌డీగా, అంటే ఫొటోషాప్ సొంత ఫైలుగా సేవ్ కావడం లేదు, ఫోన్లో తెరిస్తే ఫోను బిగుసుకుపోతోంది. తల్లిదండ్రులు తమ ఫోన్లోనే కార్డులు జరుపుకుని చూడాలన్నది మీ కోరిక.

నాది స్కానింగు, ప్రింటింగు పని. పిల్లల బొమ్మలు, పాత ఫొటోలు, కలంకారీ గుడ్డలు, అన్నీ ఈ గాజు మీద నుంచి వెళ్ళినవే. కాబట్టి కొంచెం వివరంగా చెప్తా, ఓపిగ్గా చదవండి.

ఫొటోషాప్ ఎందుకు కలపలేదో మొదట చూద్దాం. ఫొటోషాప్‌లోని ఫొటోమెర్జ్ అయినా, ఉచితంగా దొరికే హగిన్ అయినా, ఫోన్ కెమెరాలో ఉండే పనోరమా మోడ్ అయినా చేసే పని ఒకటే. పక్కపక్క ఫొటోలు రెండింట్లోనూ ఉన్న భాగాన్ని వెతుకుతాయి. అదే కిటికీ, అదే చెట్టుకొమ్మ ఇక్కడా అక్కడా కనిపిస్తే ఆ గుర్తుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి కలుపుతాయి. మీ కార్డుల్లో అలాంటి ఉమ్మడి భాగమే లేదు. ఒకటి ఆగిన చోట రెండోది మొదలవుతుంది. వెతకడానికేమీ లేనప్పుడు ఆ ప్రోగ్రాం చేతులెత్తేస్తుంది, లేదంటే కోట గోడనీ డ్యామ్ గోడనీ ఒకటే అనుకుని ఒకదాని మీద ఒకటి వేసేస్తుంది. ఇంకో సాఫ్ట్‌వేర్ వెతుక్కోకండి, దారే వేరు.

పనోరమా అనగానే అందరికీ గుర్తొచ్చేది రాబర్ట్ బార్కర్ 1787లో పేటెంటు తీసుకున్న రకం. చూసేవాళ్ళు మధ్యలో నిలబడతారు, చుట్టూ గుండ్రంగా బొమ్మ ఉంటుంది. మీరు చేస్తున్నది ఆ వంశం కాదు. ఫ్రాన్సులో జాన్-పియెర్ బ్రెస్ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లో ఈ మార్చుకునే కార్డుల ఆలోచన చేశాడు. లండన్‌లో జాన్ క్లార్క్ 1824లో మిరియోరామా పేరుతో సరిగ్గా మీలాగే 16 కార్డుల పెట్టె తెచ్చాడు. దాని తరవాత ఇటలీ దృశ్యాలతో 24 కార్డుల రెండో పెట్టె వచ్చింది. పదహారు కార్డుల్ని వరసగా పేర్చే తీరులు లెక్కేస్తే 20,92,278 కోట్ల పైచిలుకు తేలతాయి. పిల్లలకి ఆ అంకె బోర్డు మీద రాసి చూపించండి, లెక్కల మాస్టారు కూడా మీ వైపు వచ్చేస్తారు.

ఈ వంశంలో చూసే మనిషి ఒక చోట నిలబడడు, దృశ్యం పక్కగా కదిలిపోతూ ఉంటాడు. తిరుపతి నుంచి పాకాల వైపు వెళ్ళే రైల్లో కుడిచేతి కిటికీ దగ్గర కూర్చుని కొండలు చూసినట్టన్నమాట. అందుకని దూరానికి పోతూ సన్నబడే రోడ్డు కార్డు అంచు దాటకూడదు. అంచు దాటేవన్నీ చూసేవాడికి అడ్డంగా, సమాంతరంగా పోవాలి. మీ మామిడితోట కార్డులో ఏటవాలుగా పోయే బండ్లబాట కుడి అంచుకి తగిలి ఆగిపోయింది చూడండి, ఆ ఒక్క గీత వల్ల పక్కన ఏ కార్డు పెట్టినా తెగినట్టే ఉంటుంది. ఆ బాటని కార్డు మధ్యలోనే చెట్ల వెనక్కి మళ్ళించేయండి.

ఇక అసలు సంగతికి వస్తా. ఈ పనిలో అతకడమంతా అంచులోనే ఉంది. లోపల పిల్లలు ఏం గీసినా పరవాలేదు, కోతి గీసినా, కొండముచ్చు గీసినా. కుడి అంచులో, ఎడమ అంచులో మాత్రం పదహారు కార్డుల్లోనూ ఒకే గీతలు ఒకే ఎత్తులో, ఒకే రంగులో దాటాలి. మీరు పెట్టిన ఫొటోలో చంద్రగిరి కార్డు పక్కన తలకోన కార్డు ఉంది. కోట వెనక కొండ గీత అంచుకి వచ్చేసరికి పై నుంచి 6 సెంటీమీటర్ల దగ్గరుంది. తలకోన కార్డులో అదే గీత 6.4 దగ్గర మొదలైంది. నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ కన్ను అడ్డగీతలో విరుపుని ఇట్టే పట్టేస్తుంది, రంగు తేడానైనా కాస్త క్షమిస్తుందేమో గానీ మెట్టుని క్షమించదు.

ఎత్తు ఒక్కటే సరిపోయినా చాలదు. గీత ఏ వాలుతో అంచు చేరుతుందన్నదీ ముఖ్యమే. కొండ గీత ఎక్కుతూ ఎక్కుతూ అంచు దాకా వచ్చి, పక్క కార్డులో దిగుతూ మొదలైతే అతుకు దగ్గర డేరా కొసలాగా లేనిపోని శిఖరం పుడుతుంది. ప్రతి కార్డులో చివరి అర సెంటీమీటరు గీతలన్నీ బల్లపరుపుగా ఉండాలి. శిఖరాలు, గోపురాలు, తాటిచెట్లు ఏవైనా కార్డు నడుమనే ఉండాలి. నగరి ముక్కు ఎంత మొనదేలినా కార్డు మధ్యలో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. తలకోన జలపాతం 270 అడుగుల నిలువు ధార, ఇలాంటి సన్నటి నిలువు కార్డుకి అది పుట్టుకతోనే సరిపోయింది.

ఈ విషయంలో మన కొండలు మనకి కలిసొచ్చాయి. తిరుపతి నుంచి చూస్తే శేషాచలం పైభాగమంతా గోడ కట్టినట్టు నిలువు రాయి, దాని కింద పచ్చటి వాలు. పైన ఉన్నది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, కింద ఉన్నది అంతకంటే ఎంతో పాతదైన గ్రానైటు. ఆ రెండూ కలిసే గీతని ఘాట్ రోడ్డు మీద చూడొచ్చు, భూగర్భ శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. చిత్రకారుడికి దాంతో పనేమిటంటే, కొండ తల చాలా దూరం చదునుగా పోతుంది, కొండచరియ పాదం కూడా దాదాపు అడ్డంగానే పోతుంది. అంచు దాటించడానికి ఇంతకంటే మంచి గీతలు దొరకవు. మీరు కొత్తగా కార్డులు వేయిస్తే ఆ చరియ గీతని కూడా అంచు గీతల్లో చేర్చండి.

స్వర్ణముఖి దగ్గర మాత్రం ఒక నిర్ణయం తీసుకోవాలి. మీ కార్డుల్లో కొందరు నది నిండా నీళ్ళు వేశారు, కొందరు ఉత్త ఇసక వేశారు. ఇద్దరూ తప్పు కాదు, మన స్వర్ణముఖి అంతే. కానీ నీలం పట్టీ వచ్చి పసుపు పట్టీకి కొట్టుకుంటే అతుకు కనిపించకేం చేస్తుంది. నా సలహా, అంచులో అందరికీ ఇసకే పెట్టండి. నీళ్ళు కావాల్సినవాళ్ళు కార్డు లోపల మడుగులాగా వేసుకుంటారు, శ్రీకాళహస్తి కార్డులో గుడి ముందు ఆ మడుగు ఇంకా బాగుంటుంది.

ఉన్న కార్డుల్ని పారేసి మళ్ళీ గీయించక్కర్లేదు. కంప్యూటర్లో సరిచేయొచ్చు, కానీ కొలతలు ముందే ఖాయం చేసుకోండి. ఒక్కో కార్డుకి 960 పిక్సెళ్ళ వెడల్పు, 2400 పిక్సెళ్ళ ఎత్తు పెట్టుకోండి. మీ 8, 20 సెంటీమీటర్ల నిష్పత్తికి అది అచ్చంగా సరిపోతుంది, సెంటీమీటరుకి 120 పిక్సెళ్ళు, మిల్లీమీటరుకి 12. కొండ గీత పై నుంచి 6 సెంటీమీటర్లంటే 720వ పిక్సెలు. కొండ పాదం 10.5 అంటే 1260. బాట పై అంచు 15 అంటే 1800, కింది అంచు 16.5 అంటే 1980. ఉచితంగా దొరికే జింప్‌లోనో, క్రిటాలోనో, లేదా ఫొటోషాప్‌లోనో ఈ నాలుగు ఎత్తుల్లో గైడ్ గీతలు (బొమ్మలో రాని కొలత గీతలు) పెట్టిన ఖాళీ ఫైలొకటి చేసుకుని, ప్రతి కార్డునీ అందులోకే తెచ్చుకోండి. ఇంకో లాభం, జేపీఈజీ బొమ్మని 8 పిక్సెళ్ళ గళ్ళుగానో, రంగు వరకు 16 గళ్ళుగానో ముక్కలు చేసి నొక్కుతుంది. 960 రెండింటికీ నిశ్శేషంగా భాగం పోతుంది కాబట్టి అంచులో సగం గడి మిగిలి రంగు కంపించే బాధ ఉండదు.

ఇప్పుడు ఒక కార్డుని మిగతావాటికి పెద్దగా, అంటే నమూనాగా ఎన్నుకోండి. పదహారిట్లో అంచులు నిదానంగా, శుభ్రంగా ఉన్నదేదో అది. నాకైతే మీ కల్యాణి డ్యామ్ కార్డు అందుకు పనికొస్తుందనిపించింది, డ్యామ్ గోడ అంచుకి తగలకుండా ఆపాడు ఆ పిల్లవాడు. జింప్‌లో దాన్ని తెరిచి, లేయర్ మెనూలో ట్రాన్స్‌ఫామ్ కింద ఆఫ్‌సెట్ అని ఉంటుంది, అందులో అడ్డంగా 480 పిక్సెళ్ళు జరపమని, అటు పోయింది ఇటు తిరిగొచ్చేలా పెట్టండి. కార్డు కుడి కొస, ఎడమ కొస రెండూ వచ్చి మధ్యలో కలుసుకుంటాయి. అక్కడ కనిపించే మెట్లన్నిటినీ హీల్, క్లోన్ పనిముట్లతో దిద్దండి, అతుకెక్కడుందో మీకే తెలియనంత వరకు. ఇది కాస్త ఓపిగ్గా చేయండి, ఎందుకంటే ఈ ఒక్క అతుకే మిగతా అన్నిటికీ అచ్చు అవుతుంది.

దిద్దాక ఆ మధ్య అతుకు చుట్టూ 120 పిక్సెళ్ళ వెడల్పు, అంటే ఒక సెంటీమీటరు నిలువు పట్టీని కత్తిరించి దాచుకోండి. దాన్ని నిలువునా సగం చేయండి. ఎడమ సగం ప్రతి కార్డు కుడి అంచుకి వెళ్తుంది, కుడి సగం ప్రతి కార్డు ఎడమ అంచుకి వెళ్తుంది. తారుమారు చేయకండి, తొందర్లో అందరూ తడబడేది ఇక్కడే. ఒక్కో కార్డు మీద ఆ సగం పట్టీని వేరే లేయరుగా (పొరగా) పెట్టి, లేయర్ మాస్క్ (పొరలో ఎంత కనిపించాలో చెప్పే ముసుగు) ఇచ్చి, అంచు వైపు నిండుగా, లోపలి వైపుకి పోనుపోను మాయమయ్యేలా గ్రేడియంట్ లాగండి. అంచు చివరి పది పిక్సెళ్ళు మాత్రం పూర్తి నిండుగానే ఉండనివ్వండి. అయితే మాస్క్ వేయడానికి ముందే కార్డులోని గీతల్ని గైడ్ల దగ్గరికి తెచ్చుకోవాలి, లేకపోతే పట్టీ గీతా కార్డు గీతా రెండూ జంటగా నీడల్లాగా కనిపిస్తాయి. జింప్‌లో వార్ప్ ట్రాన్స్‌ఫామ్ తీసుకుని, పెద్ద మెత్తటి బ్రష్షుతో నిలువుగా మాత్రమే నెట్టండి. నాలుగు మిల్లీమీటర్ల తేడా అంటే 48 పిక్సెళ్ళు, దాన్ని అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల లోపల సర్దేస్తే పిల్లవాడి గీత పాడవదు.

పట్టీలో ఆకర్షించే వస్తువేదీ ఉండకూడదని మరిచిపోకండి. చిన్న తుమ్మచెట్టు ఒకటి అందులో ఉందనుకోండి, ప్రతి 8 సెంటీమీటర్లకీ అదే తుమ్మచెట్టు ప్రత్యక్షమవుతుంది, చూసేవాళ్ళు మిగతాదంతా వదిలేసి దాన్నే లెక్కపెడతారు. ఉత్త కొండ, ఉత్త ఇసక, ఉత్త బాట, అంతే.

ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. 16 కార్డుల్లో ఏది ఎడమన, ఏది కుడిన అని చూస్తే 240 జతలవుతాయి. అన్నిటినీ పేర్చి చూడక్కర్లేదు. పెద్ద కార్డు తనకి తాను అతికితే, మిగతా పదిహేనూ దానికి రెండు పక్కలా అతికితే, అవి ఒకదానికొకటి అతికి తీరాలి. మొత్తం 32 అంచులు చూస్తే పరీక్ష అయిపోయినట్టే.

స్కాన్ సంగతి. మీ ఫొటోలో శ్రీకాళహస్తి కార్డు మొత్తంగా పసుపు తిరిగింది, పక్కది నీలం తిరిగింది. అది పిల్లల రంగు కాదు, స్కానర్ చేసిన పని. ఆటో ఎక్స్‌పోజర్, రంగు సవరణ లాంటివి ఆన్‌లో ఉంటే స్కానర్ ప్రతి కార్డునీ విడివిడిగా చూసి దేనికి తోచిన వెలుగు దానికి ఇస్తుంది. అవన్నీ ఆపేసి, ఒకే సెట్టింగుతో పదహారూ చేయండి. అట్టముక్కని ఎల్ ఆకారంలో కత్తిరించి గాజు మూలకి టేపుతో అంటిస్తే ప్రతి కార్డూ ఒకే చోట, వంకర లేకుండా కూర్చుంటుంది. పోస్టర్ కలర్లు ఆరాక కార్డులు వంగుతాయి, సన్నటి సీఐఎస్ రకం స్కానర్లు గాజుని తాకని భాగాన్ని మసకగా తీస్తాయి. రాత్రంతా బరువు పుస్తకాల కింద పెట్టి ఉదయం స్కాన్ చేయండి. 600 డీపీఐ మంచిదే, అక్కడి నుంచి 960కి తగ్గించుకోవచ్చు. మధ్యలో సేవ్ చేసేటప్పుడు పీఎన్‌జీ వాడండి, జేపీఈజీలో మళ్ళీ మళ్ళీ సేవ్ చేస్తే బొమ్మ అరిగిపోతుంది.

ఆకాశం గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది: కాగితం మీద వేయించకండి. పదహారు మంది పిల్లలు, పదహారు నీలాలు, వాటిని కలపాలని కూర్చుంటే మీ దసరా సెలవులు అందులోనే పోతాయి. కొండ గీతకి పైనున్నదంతా కార్డుల్లోంచి తీసేసి పారదర్శకంగా ఉంచండి. వెనక ఒకే ఒక ఆకాశం పెట్టండి. దాన్ని ఉదయానికి లేత నారింజగా, సాయంత్రానికి ముదురుగా మార్చుకునే వెసులుబాటు ఉంటుంది, పిల్లలకి అది మహా సరదా. తీసేటప్పుడు కొండ అంచున సన్నటి తెల్లగీత మిగులుతుంది, ఎంపికని ఒక పిక్సెలు పెంచి తీయండి. ఆకాశం లేని కార్డుల్ని పీఎన్‌జీగానో వెబ్‌పీగానో దాచాలి, జేపీఈజీకి పారదర్శకత లేదు.

వెలుగు ఎటు నుంచి అన్నది కూడా తేల్చుకోండి. తిరుపతి ఊళ్ళో నిలబడి కొండల వైపు చూస్తున్నామంటే ఉత్తరానికి చూస్తున్నట్టు, తూర్పు కుడిచేతి వైపు. కాబట్టి వెలుగు కుడి నుంచి పడితే పొద్దున, ఎడమ నుంచి పడితే సాయంత్రం. చంద్రగిరి కోటకి ఎడమన నీడ, తలకోన బండలకి కుడిన నీడ పడితే అతుకు ఎంత నున్నగా ఉన్నా రెండు పొద్దులు కలిపినట్టుంటుంది. ఆ కార్డుని అద్దంలో లాగా తిప్పేస్తే సరి అనుకోకండి. తిరుపతివాళ్ళకి శేషాచలం గీత చేతిరేఖల్లాగా తెలుసు, తిరగేస్తే ఇట్టే పట్టేస్తారు. నీడనే పెన్సిల్ బ్రష్షుతో ఇటు నుంచి అటు మార్చండి.

పీఎస్‌డీ సేవ్ కాకపోవడానికి కారణం చాలా మామూలుది. 600 డీపీఐలో ఒక్కో కార్డు 1890 పిక్సెళ్ళు, పదహారు కలిస్తే 30,240. పీఎస్‌డీ ఫైలు ఏ వైపైనా 30,000 పిక్సెళ్ళు దాటనివ్వదు. మీరు 240 పిక్సెళ్ళ తేడాతో ఇరుక్కున్నారు. పీఎస్‌బీ అనే పెద్ద రకం ఉంది, 3 లక్షల దాకా ఒప్పుకుంటుంది. కానీ దాని అవసరం లేదు. 960 చొప్పున పదహారు కలిపితే 15,360, ఎత్తు 2400. వెబ్‌పీ హద్దు 16,383 కూడా దాటదు. ఫోను బిగుసుకుపోవడం కూడా ఇందులోదే. ఫైలు సైజు చూసి పది ఎంబీయే కదా అనుకుంటాం, కానీ తెరిచాక ప్రతి పిక్సెలుకీ నాలుగు బైట్లు కావాలి. మీ పాత బొమ్మ మెమరీలో 570 ఎంబీ పైగా తింటుంది, కొత్త కొలతలో 147 ఎంబీ.

అయినా ఫోన్‌కి అతికించిన పొడుగు బొమ్మ ఎందుకు? జరుపుకోవాలంటే కార్డులు విడిగానే ఉండాలి కదా. ఒక్కోదాన్ని 400 వెడల్పు, 1000 ఎత్తుకి తగ్గించి పదహారు చిన్న ఫైళ్ళుగా పేజీలో వరసగా పెడితే చాలు. మీ స్కూల్లో కంప్యూటర్ సారుని అడిగితే గంట పని. ఆయనకి రెండు మాటలు చెప్పండి. బొమ్మల్ని మామూలుగా ఒకదాని పక్కన ఒకటి పెడితే వాటి మధ్య మాటల మధ్య ఖాళీలాంటిది వస్తుంది, డిస్‌ప్లే ఫ్లెక్స్ పెడితే పోతుంది. రెండోది, బొమ్మ వెడల్పు 143.2 అన్నట్టు పిక్సెలు ముక్కల్లో వస్తే కార్డుల మధ్య వెంట్రుకంత గీత మెరుస్తుంది, అది మీ అంచుల తప్పనుకుని మళ్ళీ దిద్దడం మొదలుపెట్టకండి. వెడల్పు పూర్ణ సంఖ్యగా పెట్టడమో, ఒక్కో కార్డునీ పక్కదాని మీదికి ఒక పిక్సెలు జరపడమో చేస్తే సరిపోతుంది. వేలితో లాగి జరపడానికి సార్టబుల్ జేఎస్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. కొండలు మెల్లగా, బాట వేగంగా కదిలే హంగు పెడదామని ఎవరైనా అంటే వద్దనండి. పొరలు విడిపోతే కోట ఒక కార్డులో, కోట వెనక కొండ ఇంకో కార్డులో తేలతాయి. ఆకాశం ఒక్కటే వెనక కదలకుండా ఉంటే చాలు.

కోడింగ్ వద్దనుకుంటే పవర్‌పాయింట్ చాలు. స్లయిడు వెడల్పు 56 అంగుళాల దాకా పెట్టుకోనిస్తుంది, మీ 128 సెంటీమీటర్లు అంటే 50.4 అంగుళాలు, హాయిగా పడుతుంది. స్లయిడుని 128 వెడల్పు, 20 ఎత్తుగా చేసి పదహారు బొమ్మలు పేర్చండి. ఆప్షన్లలో బొమ్మల్ని కుదించొద్దని టిక్కు పెట్టడం మాత్రం మరవకండి, లేకపోతే సేవ్ చేసినప్పుడల్లా నాణ్యత తగ్గిస్తుంది.

మీ భూగోళం టీచరుగారు శ్రీకాళహస్తి తీసుకెళ్ళి తలకోన పక్కన పెడతారా అని అడిగారని రాశారు. ఆట అదే కదా! ఆయన కోసం పేజీలో ‘అసలు వరస’ అని ఒక బటన్ పెట్టండి. నొక్కితే తలకోన, చంద్రగిరి, అలిపిరి, శ్రీకాళహస్తి పడమర నుంచి తూర్పుకి వచ్చి కూర్చుంటాయి, ఆయన శాంతిస్తారు.

ఏ అంచైనా ఏ అంచుకైనా అతుకుతుంది కాబట్టి పదహారో కార్డు మొదటిదానికీ అతుకుతుంది. దాన్ని చుట్టూ తిరిగే బొమ్మగా చేయొచ్చు. 128 సెంటీమీటర్ల పట్టీని గుండ్రంగా చుడితే దాదాపు 41 సెంటీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము అవుతుంది, అట్టతో చేసి లోపల బల్బు పెడితే వార్షికోత్సవానికి బాగుంటుంది. ఫోన్లో 360 డిగ్రీల వ్యూయర్లో పెట్టాలంటే నిలువు కోణం 52 డిగ్రీలని చెప్పాలి, లేకపోతే కొండలు సాగిపోతాయి.

ప్రింటు గురించి అడిగారు. ఫ్లెక్స్ మీద ఒకే పొడుగు బొమ్మ వేయిస్తే ఆట చచ్చిపోతుంది. కార్డుల్ని మూడింతలు పెంచి, 24 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తున విడివిడిగా సన్‌బోర్డు (తేలికైన గట్టి ఫోమ్ అట్ట) మీద వేయించండి, వెనక అయస్కాంతం అంటించి ఇనుప రేకు మీద పెడితే పిల్లలు జరుపుకుంటారు. మీ 2400 పిక్సెళ్ళు ఆ సైజులో అంగుళానికి దాదాపు 102 పడతాయి, రెండడుగుల దూరం నుంచి చూడ్డానికి సరిపోతుంది. కటింగు చేసే అబ్బాయి చెయ్యి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ పోతుంది, అందుకని ప్రతి కార్డుకీ కత్తిరింపు గీత బయట 3 మిల్లీమీటర్లు అదనపు బొమ్మ ఇవ్వాలి. మామూలుగా అక్కడ ఏం నింపాలో తెలియక అంచు రంగుని లాగుతారు. మీకు ఆ బాధ లేదు, పట్టీ రెండో సగం అక్కడ పెట్టేయండి. కత్తి జరిగినా కనిపించేది పక్క కార్డు మొదలే. ప్రింటులో మెరిసే పచ్చ, నీలం కాస్త మందగిస్తాయి, ముందు ఒక కార్డు వేయించి చూసుకుని మిగతావి ఇవ్వండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు పెద్ద కార్డు పట్టీ ఒక్కటి చేసి, దానికి రెండు పక్కలా చంద్రగిరి, తలకోన కార్డులు పెట్టి నాకు పంపండి, చూసి చెప్తా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది పిక్సెళ్ళు తగ్గించేస్తుంది, అంచు చూడ్డానికి పనికిరాదు. డాక్యుమెంటుగా పంపండి, పీఎన్‌జీలోనే.